న్యూబెరీ పుస్తకం ఎంపికలో ఓట్లు చీలిపోతుంటే

డాలస్‌లో మీ పిల్లల బుక్ క్లబ్ ఈసారి న్యూబెరీ మెడల్ (అమెరికాలో పిల్లల పుస్తకానికి ఏటా ఇచ్చే బహుమతి) దేనికి వస్తుందో ఊహించాలని కూర్చుంటే, పన్నెండు మందీ తలా ఒక పుస్తకం పట్టుకుని దిగి రావడం లేదన్నారు కదండీ. టెన్షన్ పడకండి, ఓటు వేసే పద్ధతి మారిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ముందు జాబితా వడకట్టండి. రచయిత అమెరికా పౌరులో, అక్కడ నివాసం ఉంటున్నవారో అయి ఉండాలి. కాబట్టి మీరు చెప్పిన లండన్ రచయిత్రి నవల ఎంత బాగున్నా పక్కన పెట్టాల్సిందే. బొమ్మల గొప్పతనానికి కాల్డెకాట్ మెడల్ వేరే ఉంది, ఇక్కడ రాతే ముఖ్యం.

మెడల్‌ను ఎంపిక చేసే న్యూబెరీ కమిటీలో ఒక్కొక్కరూ మూడు పుస్తకాలకు ఓటేస్తారు. మొదటిదానికి 4 పాయింట్లు, రెండోదానికి 3, మూడోదానికి 2. ఎవరికీ తగినంత ఆధిక్యం రాకపోతే మళ్లీ చర్చ, మళ్లీ ఓటు. మా పిల్లల దగ్గర ఇలా చేస్తే, ఎక్కువమందికి రెండో ఇష్టంగా ఉన్న ఒక చిన్న నవల పైకొచ్చింది. ఓటుకు ముందు ప్రతి ఒక్కరూ అవతలివాళ్ల పుస్తకంలో తమకు నచ్చిన ఒక పేజీ పైకి చదవాలి. మా దగ్గర పట్టుదలలు అక్కడే సడలాయి.

పుస్తకం బయట ఎంత పాపులర్ అయింది, ఏం నీతి చెప్పింది అన్నవి న్యూబెరీ లెక్కలోకి రావు. ఈ మాట తల్లిదండ్రులకూ ముందే చెప్పండి. ఫలితాలు మామూలుగా జనవరిలో వస్తాయి, డిసెంబరులోనే ఓటింగ్ పెట్టుకోండి.