మేనల్లుడే అల్లుడు, అల్లుడే రాజు

ప్రశ్న: విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఇంగ్లండ్ చరిత్ర ఒకటి దొరికింది. 1649లో రాజు తల నరికారు, 1660లో ఆయన కొడుకు రెండో ఛార్లెస్‌ని మేళతాళాలతో పిలిచి మళ్లీ గద్దె ఎక్కించారు. అంత ప్రేమగా పిలిచినవాళ్లే 28 ఏళ్లకి ఆయన తమ్ముణ్ణి ఎందుకు వెళ్లగొట్టారు? మధ్యలో వచ్చిన ‘పోప్ కుట్ర’ నిజమా? మా అన్నయ్య నిజమేనంటాడు, నేను కాదంటాను.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరే రైటమ్మా, ఆ కుట్ర పచ్చి అబద్ధం. అయితే మీ అన్నయ్యగారిని నేను తప్పు పట్టను, అప్పట్లో లండన్ లండనంతా నమ్మింది.

అసలు చిక్కంతా ఇంట్లో ఉంది. ఛార్లెస్‌కి పెళ్లి బయట పిల్లలు చాలామంది, పట్టపురాణి కాథరిన్‌కి మాత్రం సంతానం లేదు. అంటే గద్దె తమ్ముడు జేమ్స్‌ది. ఆయన క్యాథలిక్‌గా మారాడన్న సంగతి 1673లో, మత ప్రమాణం చెయ్యలేక నౌకాదళ పదవి వదులుకున్నప్పుడు బయటపడింది. దేశం చూస్తే పోప్ మాట చెల్లని ప్రొటెస్టెంట్. ఇంకోపక్క రాజుగారి పెద్దకొడుకు మన్మత్, పెళ్లి బయట పుట్టినవాడే, కానీ ప్రొటెస్టెంట్, జనానికి ఇష్టుడు. వాళ్లమ్మతో రాజుకి రహస్యంగా పెళ్లయిందని, ఆ కాగితం ఏదో నల్లపెట్టెలో ఉందని పుకారు లేపారు. అదేం లేదని రాజే ప్రకటించినా పుకారు చావలేదు, బాబాయికీ అబ్బాయికీ మధ్య పగ ముదిరింది.

ఈ వేడిలో 1678లో టైటస్ ఓట్స్ అనేవాడు వచ్చి, జెసూట్లనే క్యాథలిక్ మతగురువులు రాజుని చంపబోతున్నారని చెప్పాడు, మీరడిగిన ‘పోప్ కుట్ర’ ఇదే. రాజు స్వయంగా ప్రశ్నించి వాడి అబద్ధాలు పట్టుకున్నాడు. కానీ ఓట్స్ వాంగ్మూలం తీసుకున్న మేజిస్ట్రేట్ గాడ్‌ఫ్రే అక్టోబరులో శవమై దొరికాడు, ఎవరు చంపారో ఇప్పటికీ తేలలేదు, ఇక జనం టెన్షన్ ఆపడం ఎవరి తరం కాలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ కుట్రలో ఇరికించిన స్టాఫర్డ్ ప్రభువు సంగతి. ముసలాయన, ఏ నేరమూ ఎరగడు. 1680లో ప్రభువుల సభలో విచారణ జరిగితే ఆయన సొంత హోవర్డ్ వంశంవాళ్లే ఒకరి తర్వాత ఒకరు లేచి దోషి అన్నారు. తల తీశారు. తర్వాతి ఏడాది ఐర్లండ్ ఆర్చిబిషప్ ఆలివర్ ప్లంకెట్‌నీ చంపారు.

నిజమైన రహస్యం మరొకటి ఉంది. 1670లో డోవర్‌లో ఛార్లెస్ ఫ్రాన్స్ రాజుతో లోపాయికారీ ఒప్పందం చేసుకున్నాడు, సమయం చూసి నేనూ క్యాథలిక్‌నని ప్రకటిస్తాను, బదులుగా డబ్బివ్వు అని. మధ్యవర్తి ఎవరనుకున్నారు, ఫ్రాన్స్ రాజు తమ్ముడికిచ్చిన సొంత చెల్లెలు హెన్రియెటా! రాజు ఏదో దాస్తున్నాడన్న జనం అనుమానం వట్టిది కాదు, కానీ దానికి బలైంది మాత్రం ఏ పాపమూ తెలియనివాళ్లు. ఇందుకే ఛార్లెస్‌ని నేను క్షమించలేను. అబద్ధమని తెలిసి కూడా మరణశిక్షల కాగితాల మీద సంతకాలు ఆపలేదు.

1685లో ఛార్లెస్ పోయాడు, జేమ్స్ గద్దెనెక్కాడు. ఆ జూన్‌లోనే మన్మత్ తిరగబడ్డాడు, సెడ్జ్‌మూర్‌లో ఓడాడు, జులై 15న బాబాయే అతని తల తీయించాడు.

ఆ తర్వాత దెబ్బ కూతురి వైపు నుంచి వచ్చింది. పెద్దకూతురు మేరీని 1677లో హాలండ్ విలియమ్‌కిచ్చారు, అతను జేమ్స్ అక్కాచెల్లెళ్లలో పెద్దామె కొడుకు, మన లెక్కలో అచ్చంగా మేనరికం. ముసలితనంలో జేమ్స్‌కి కొడుకు లేడు కాబట్టి ఎప్పటికైనా ప్రొటెస్టెంట్ అయిన మేరీయే రాణి అని అందరూ ఓపిక పట్టారు. 1688 జూన్‌లో మగబిడ్డ పుట్టాడు. వెంటనే, పక్క వెచ్చబెట్టే నిప్పుల పళ్లెంలో ఎవరి బిడ్డనో దాచి తెచ్చారన్న పుకారు. చిన్నకూతురు ఆన్ కూడా అక్కకి అనుమానంగా ఉత్తరాలు రాసింది. నవంబర్ 5న విలియమ్ సైన్యంతో ఇంగ్లండ్‌లో దిగితే ఆన్ నాన్నని వదిలి అతనివైపు వెళ్లిపోయింది. జేమ్స్ ఫ్రాన్స్‌కి పారిపోయాడు, మేనల్లుడూ అల్లుడూ అయిన విలియమే రాజయ్యాడు.

ప్రశ్న: బొంబాయిని కట్నంగా ఇచ్చారట, ఈ రెండో ఛార్లెస్‌ రాజుకేనా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఈయనకే, కాథరిన్‌తోపాటు పోర్చుగల్‌వాళ్లు ఇచ్చారు. 1668లో ఈస్టిండియా కంపెనీకి ఏడాదికి 10 పౌన్ల అద్దెకిచ్చేశాడు. ఓట్స్ ఈ రాణి మీద కూడా విషం పెట్టబోయిందని నింద వేశాడు, పిల్లల్లేరు విడాకులిచ్చెయ్యమని చాలామంది ఒత్తిడి చేశారు. అందుకు మాత్రం ఛార్లెస్ చివరిదాకా ఒప్పుకోలేదు.