మీ ప్రశ్న – మా జవాబు: ఏజెన్సీ చిన్నారులు, ఆటిజం సందేహాలు

ప్రశ్న: నేను పాడేరు వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. మాది తెలుగు మాట్లాడే ఇల్లు, ఇక్కడి పిల్లల ఇంటి భాష కువి నాకు అంతంతమాత్రమే. మా సెంటర్‌లో నాలుగేళ్ల బాబు ఒకడున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తలెత్తడు, పాటలు చెప్పిస్తుంటే నోరు మెదపడు, గుమ్మం పట్టుకుని బయటికి చూస్తూ నిలబడతాడు. సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి చూసి ‘ఇది ఆటిజమే, రాసి పంపించు’ అన్నారు. వాళ్ల నాన్నేమో ‘ఇంట్లో బాగానే ఉంటాడు, మావాడికి లేనిపోనివి అంటగట్టకండి’ అని గట్టిగా మాట్లాడి వెళ్లాడు. ఎవరి మాట వినాలి డాక్టర్ గారూ?

జవాబు: ఇద్దరి మాటా వినండమ్మా, కానీ ఎవరి తీర్పూ ఇప్పుడే ఒప్పుకోకండి. మేడమ్ గారు చూసింది సెంటర్‌లో పిల్లాణ్ని, తండ్రి చూస్తున్నది ఇంట్లో పిల్లాణ్ని. ఆటిజం అంటే మాట, నలుగురితో కలవడం ఎదిగే తీరులో చిన్నప్పటి నుంచే ఉండే తేడా. అది ఉంటే సెంటర్ గుమ్మం దగ్గర ఆగిపోదు, ఇంట్లోనూ పొలంలోనూ సంతలోనూ ఏదో ఒక రూపంలో కనబడుతుంది. కాబట్టి ముందు తేల్చాల్సింది, వాడు తన భాషలో, తన వాళ్ల మధ్య ఎలా ఉంటున్నాడన్నది.

ఒక చిన్న సంగతి అడుగుతాను. మీరు పిలుస్తున్నది రిజిస్టర్‌లో ఉన్న పేరుతోనా, ఇంట్లో పిలిచే పేరుతోనా? ఆధార్ కోసం రాయించిన పేరు ఒకటి, పొద్దస్తమానం చెవిన పడే పేరు ఇంకొకటి అయితే, ఆ మొదటి పేరుకి వాడు పలకకపోవడంలో వింతేముంది! మీ ఆయాకి కువి వచ్చి ఉంటుంది కదా, వాడు ఆటలో ఉన్నప్పుడు వెనక నుంచి ఇంటిపిలుపుతో రెండుసార్లు పిలవమనండి, గట్టిగా అరవకుండా, మామూలుగా.

తర్వాత ఒక సాయంత్రం ఆయాని తోడు తీసుకుని వాళ్లింటికి వెళ్లండి. ఫారాలు, ఫోను బయటికి తీయకుండా అరుగు మీద కూర్చుని చూడండి. కోడిపిల్లో, బండో కనబడితే వేలు చూపించి, మళ్లీ అమ్మ ముఖంలోకి చూస్తున్నాడా? ఈ ‘నువ్వూ చూడు’ అనే చూపు చాలా ముఖ్యం, మామూలుగా ఏడాదిన్నర వయసుకల్లా వచ్చేస్తుంది. దొరికింది తెచ్చి ఎవరికైనా చూపిస్తున్నాడా, పుల్లను కత్తిలాగానో ఆకును కంచంలాగానో అనుకుని ఆడుతున్నాడా, కువిలో రెండుమూడు మాటలు కలిపి అడుగుతున్నాడా, తోటి పిల్లలు పరిగెడితే వాళ్ల వెంట పడుతున్నాడా? ఇవన్నీ ఉంటే మీ సెంటర్‌లో వాడి మౌనానికి పెద్ద కారణం తెలుగే అయ్యుండొచ్చు. అర్థంకాని భాషలో నాలుగు గంటలు కూర్చోమంటే పెద్దవాళ్లం మనమే కిటికీలోంచి బయటికి చూస్తాం. ఇవేవీ లేకుండా, చక్రమో మూతో గంటలకొద్దీ తిప్పుకుంటూ, విన్న మాటనే విన్నట్టు తిరిగి అంటూ, రోజూ వెళ్లే దారి మారిస్తే గుక్కపట్టి ఏడుస్తూ ఉంటే మాత్రం తండ్రి ఎంత కాదన్నా పరీక్ష చేయించాల్సిందే. కళ్లలోకి చూడకపోవడం ఒక్కటే పట్టుకోకండి, పెద్దవాళ్ల ముఖంలోకి సూటిగా చూడకపోవడాన్ని మర్యాదగా నేర్పే ఇళ్లు చాలా ఉన్నాయి.

ధ్యాస గురించి కూడా ఒక మాట. టీచర్ వైపు తిరిగి కూర్చుంటేనే ధ్యాస ఉన్నట్టు అని మనకో అలవాటు. గ్వాటెమాలాలో మాయా ఆదివాసీ పిల్లల మీద 2009లో ఒక అధ్యయనం వచ్చింది. పక్కన తోబుట్టువుకి బొమ్మ తయారుచేయడం నేర్పుతుంటే, ఎవరూ చూడమని చెప్పకపోయినా, సంప్రదాయ కుటుంబాల మాయా పిల్లలు అమెరికాలోని యూరప్ మూలాల పిల్లల కంటే ఎక్కువగా గమనించారు, తర్వాత తమ వంతు వచ్చినప్పుడు తక్కువ సాయంతో ఆ బొమ్మ చేశారు. మీ బాబుకీ అంతే అని నేననను, అది వేరే దేశం, వేరే జనం. కానీ గుమ్మం దగ్గర నిలబడ్డవాడు ఏమీ వినడం లేదని తీర్మానించే ముందు, మీరు చెప్పిన పాట ఇంటికెళ్లి చెల్లెలి దగ్గర ఏమైనా గొణుగుతున్నాడేమో వాళ్లమ్మని అడగండి.

ఇక అన్నిటికంటే ముందు చేయించాల్సింది చెవుల పరీక్ష. ఈ మాట నేను ఎన్నిసార్లు రాసినా తక్కువే. జలుబు చేసినప్పుడల్లా చెవిలో చీము కారే పిల్లలకీ, పైకి చీము కనబడకుండా కర్ణభేరి వెనక నీరు చేరిన పిల్లలకీ వినికిడి తగ్గుతుంది, అదీ ఒకరోజు బాగా వినబడి ఇంకోరోజు వినబడక. చూసేవాళ్లకి అది మొండితనంలాగో ఆటిజంలాగో ఉంటుంది. ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్లల్లో ఈ చెవి జబ్బు ఎంత ఎక్కువంటే, అక్కడ ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు చెవుల సంగతి రాకుండా ఉండదు.

రక్తం కూడా చూడాలి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత అంటాం, ఇనుము తగ్గిన పిల్లాడికి నిలకడ ఉండదు, నీరసంగానూ ఉంటాడు. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు గురించి మీ ప్రాంతంలో వినే ఉంటారు, ఆ జబ్బున్న పిల్లల్లో కొందరికి పైకి తెలియకుండానే మెదడులో చిన్నచిన్న దెబ్బలు తగిలి ధ్యాస, చదువు వెనకబడొచ్చు. 2023 నుంచి కేంద్ర ప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా మిషన్ నడుపుతోంది, పరీక్ష చేయించారో లేదో అడగండి. ఎప్పుడైనా మలేరియా వచ్చి ఫిట్స్‌తో స్పృహ తప్పాడా అన్నదీ అడిగి రాసుకోండి, మెదడుకెక్కిన మలేరియా తగ్గాక కూడా మాట, ధ్యాస దెబ్బతినొచ్చు.

ఇప్పుడు మీ రిపోర్ట్. ‘ఆటిజం’ అని రాయకండి, అది మీ పని కాదు, మేడమ్ గారి పనీ కాదు. ‘ఇంట్లో పిలిచే పేరుతో పిలిచినా నాలుగుసార్లలో ఒక్కసారే తిరిగాడు, కువిలో విడిమాటలే అంటున్నాడు’ అన్నట్టు చూసింది చూసినట్టు రాయండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకి రావాలి, ఎదుగుదల లోపాలు చూడటం కూడా వాళ్ల పనిలో భాగమే. వాళ్లు ఈమధ్యే వచ్చి వెళ్లిపోయి ఉంటే మళ్లీ వచ్చేదాకా ఆగకుండా పీహెచ్‌సీ డాక్టర్ ద్వారా జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రానికి, రాయించండి. కువి, తెలుగు రెండూ వచ్చిన మనిషి వెంట ఉండాలి, లేకపోతే పెద్దాసుపత్రిలోనూ మీ సెంటర్‌లో జరిగిందే జరుగుతుంది. తండ్రితో మాట్లాడేటప్పుడు చెవుల పరీక్ష నుంచి మొదలుపెట్టండి, దానికి ఎవరూ కాదనరు.

ఇంకొక్కటి, కొంచెం కటువుగానే చెబుతాను. లేని జబ్బు అంటగట్టడం ఒక తప్పయితే, ‘కొండ పిల్లలంతే, బిడియం ఎక్కువ, బడికెళ్తే వాళ్లే మాట్లాడతారు’ అని వదిలేయడం అంతకంటే పెద్ద తప్పు. నిజంగా ఆటిజం ఉన్న పిల్లాడికి ఆ మాట వల్ల పోయేది విలువైన చిన్నవయసు కాలం, సాయం ఎంత ముందు మొదలైతే అంత మంచిది.

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర. మా పాపకి మూడున్నరేళ్లు, ఆటిజం అని సిటీ డాక్టర్లు తేల్చారు. మాటలు పదిపదిహేను వచ్చు, అన్నీ గోండీయే. అక్కడ థెరపీ చెప్పే ఆవిడ ‘రెండు భాషలతో పాప తికమకపడుతోంది, ఇంట్లో తెలుగే మాట్లాడండి’ అన్నారు. మా అమ్మకి తెలుగు సరిగ్గా రాదు, పాప ఎక్కువగా ఆవిడ దగ్గరే ఉంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: గోండీ మానకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ఉన్నది ముదరదు, రెండు భాషల ఇళ్లలో పెరిగిన ఆటిజం పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో మాటలు అదనంగా వెనకబడినట్టు కనబడలేదు. మీరు తెలుగు ఒక్కటే అని పట్టుబడితే జరిగేదేమిటంటే, రోజంతా పాపతో మాట్లాడే మనిషి నోరు కట్టేసుకుంటుంది. మీ అమ్మగారి కబుర్లే ఆ పాపకి అసలు థెరపీ, దాన్ని కొంచెం పదును పెట్టాలంతే. నీళ్లు పోసేటప్పుడు చెంబు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, పాప ముఖం చూసి, ‘నీళ్లు’ అని గోండీలో అని, పాప చూసినా చెయ్యి చాపినా చాలు వెంటనే పోయమనండి. మాట అనేదాకా ఏడిపించొద్దు. రోజూ అదే చోట, అదే మాట. థెరపీలో ఏ పని నేర్పుతున్నారో మీరు చూసి వచ్చి అమ్మగారికి గోండీలో చేసి చూపించండి, ఆవిడ మీకంటే బాగా చేస్తారు చూడండి.

ప్రశ్న: మా బాబుకి ఆటిజం ఉందని సర్టిఫికెట్ తీసుకుంటే రేపు బడిలో చేర్చుకోరేమోనని టెన్షన్‌గా ఉంది. తీసుకోకుండా ఉంటే నష్టమా?

జవాబు: వైద్యానికి, థెరపీకి సర్టిఫికెట్ అక్కర్లేదు, అవి ఇవాళే మొదలుపెట్టండి. చేర్చుకోరన్న భయం మాత్రం వద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, ప్రభుత్వ బడి గానీ ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడి గానీ ఆ కారణంగా సీటు నిరాకరించకూడదు. వైకల్యం 40 శాతం, ఆపైన అని తేలితే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలో గానీ, మీరు కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదివే హక్కు ఉంటుంది. పింఛన్, బస్ పాస్ లాంటివాటికి సర్టిఫికెట్ తప్పనిసరి. ఎస్టీ కుల ధ్రువీకరణ పత్రం ఉంది కదా ఇది దేనికి అని కొందరు అడుగుతుంటారు, దానికీ దీనికీ సంబంధం లేదు, రెండూ ఉంచుకోండి.