తొలి సింగిల్ పాడబోయే అమ్మాయికి

అమ్మాయ్,

పాటల పోటీలో గెలిచిన ట్రోఫీ ఫొటోలు చూశాం, మీ పెద్దమ్మ అపార్ట్‌మెంట్ అంతా పంచిన స్వీట్లూ తిన్నాం. ఇక అసలు సంగతి. ఫైనల్ వేడి చల్లారకముందే ఓ సింగిల్, అంటే ఆల్బమ్ లేకుండా విడిగా విడుదల చేసే పాట, వదలాలని షోవాళ్లు తొందరపెడుతున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు.

వాళ్ల తొందర వాళ్లది, తప్పేం లేదు. 2002లో అమెరికాలో అమెరికన్ ఐడల్ అనే టీవీ పాటల పోటీ మొదటి సీజన్‌లో అయితే ఫలితం రాకముందే చివరికి మిగిలిన ఇద్దరి చేతా ఒకే పాట పాడించి పెట్టుకున్నారు. గెలిచిన కెల్లీ క్లార్క్‌సన్ సింగిల్ రెండు వారాలు తిరక్కుండానే బయటికొచ్చేసి, అక్కడి హిట్ పాటల బిల్‌బోర్డ్ పట్టికలో 52 నుంచి ఏకంగా ఒకటో స్థానానికి ఎగబాకింది. అదే ఏడాది బ్రిటన్‌లో అలాంటి పోటీయే గెలిచిన విల్ యంగ్ మొదటి సింగిల్ తొలి వారంలోనే పది లక్షలు దాటి అమ్ముడైంది, అందులో ఉన్న రెండు పాటల్లో ఒకటి అప్పటికే వెస్ట్‌లైఫ్ అనే బ్యాండ్ వాళ్లు పాడేసింది. అంటే ఎవరు గెలిచినా సరిపోయేలా ముందే కుట్టి ఉంచిన చొక్కాలన్నమాట. కెల్లీ ఇలా పాడుతుంది అని జనానికి అసలు తెలిసింది 2004లో వచ్చిన రెండో ఆల్బమ్‌తోనే. పైగా అక్కడ పాప్‌కి పెద్ద మార్కెట్ ఉంది. మన దగ్గర సినిమాలో లేని పాట వినిపించాలంటే బతిమాలుకోవాలి.

ఇంకో మాట, నొచ్చుకోకు. పోటీలో నువ్వు పాడినవన్నీ జనానికి ముందే నోటికొచ్చిన పాటలు. పల్లవి ఎత్తుకోగానే పడ్డ చప్పట్లలో సగం ఇళయరాజాగారివి, కీరవాణిగారివి, చిత్రగారివి. కొత్త పాటకి ఆ ఆసరా ఉండదు, నీ గొంతే మొయ్యాలి. అందుకే నీకు వచ్చినవన్నీ అందులో కుక్కమనకు. పైస్థాయి కేక, మధ్యలో స్వరాలు, చివర్లో ర్యాప్... రెండు నిమిషాల్లో జడ్జిల చేత మార్కులు వేయించుకోవడానికి అవి పనికొచ్చాయి సరే, ఇంట్లో అంట్లు తోముకుంటూ పాట వినేవాళ్లు మార్కులు వెయ్యరు కదా! మెలోడీ రౌండ్‌లో కింది స్థాయిలో గొంతు దించి పాడావే ఓ చరణం, నాకు నువ్వంటే అదే. ట్యూన్ వినిపించినప్పుడు బీట్ అంతా తీసేయించి ఒట్టి కీబోర్డ్ మీద ఒకసారి పాడి చూడు, అప్పుడూ బాగుంటేనే ఒప్పుకో. శ్రుతి సంగతి కూడా ఆ రోజే తేల్చుకో. అర శ్రుతి తగ్గించమని ప్రోగ్రామింగ్‌కి (కంప్యూటర్‌లో మ్యూజిక్ కట్టడానికి) ముందు అడిగితే ఎవరూ ఏమనుకోరు, ఫ్లూటూ వయొలిన్లూ లైవ్‌లో రికార్డు చేసేశాక అడిగితే ముఖం మాడ్చుకుంటారు.

స్టూడియోలో మైకు చేతిలో ఉండదు. స్టేజీ మీద గట్టిగా పాడేటప్పుడు మైకుని దూరం జరుపుతావు చూడు, అక్కడ ఆ పని తల వెనక్కి జరిపి చెయ్యాలి. హెడ్‌ఫోన్స్‌లో ట్రాక్ సౌండ్ ఎక్కువ పెట్టించుకుంటే తెలీకుండానే అరుస్తావు, కాబట్టి తగ్గించమను, కావాలంటే ఒక చెవి మీంచి కాస్త పక్కకి జరుపుకో. గాజులు తీసేసి వెళ్లు, ఆ మైకులు గాజుల చప్పుడే కాదు, పెదవి తడి చప్పుడు కూడా పట్టేస్తాయి. లైను లైనుగా ముక్కలు చేసి పాడమంటారు, పాడు, కానీ అంతకుముందు మొత్తం పాట రెండు మూడు టేకులు ఆపకుండా ఇస్తానని పట్టుబట్టు. భావం నిలిచేది వాటిలోనే. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ వాడితే వాడనీ, నీ గమకాలు చదును చెయ్యొద్దని మాత్రం ఇంజనీర్‌కి నువ్వే నవ్వుతూ చెప్పు.

అగ్రిమెంట్ దగ్గర మాత్రం నవ్వకు. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక పాడినవాళ్లకీ రాయల్టీ హక్కు వచ్చింది, కానీ అడక్కుండా ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు. హక్కులు రాసిచ్చే కాగితంలో కాలం చెప్పకపోతే చట్ట ప్రకారం అయిదేళ్లే, ప్రాంతం చెప్పకపోతే మన దేశం వరకే. అందుకే వాళ్లు 'శాశ్వతంగా, విశ్వమంతటా' అని రాసుకుంటారు (అవును, విశ్వమంతటా అనే, చంద్రుడి మీద ఎవరు వింటారో మరి). కొట్టేయమని అడుగు, కుదరదంటే ఎన్నేళ్లకైతే ఒప్పుకుంటారో బేరమాడు. షోలో చేరేటప్పుడు పెట్టిన సంతకాలు కూడా ఒకసారి బయటికి తియ్యి. గెలిచినవాళ్లు కొంతకాలం బయట పాడకూడదని అందులో ఉందేమో ముందే తెలియాలి.

ఇవాళ రాత్రికి ఆ రెండు కాగితాలూ ప్రతి పేజీ ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి, రేపు మా లాయర్ ఫ్రెండ్‌కి చూపిస్తాను. అప్పటిదాకా ఎవరు పెన్ను చేతికిచ్చినా నాన్నగారు ఊళ్లో లేరని చెప్పు.

మావయ్య