ఒక్క 360 రేడియేటర్ ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ సరిపోతుందా?

విజయనగరంలో ఏసీ లేని గదిలో కస్టమ్ వాటర్ కూలింగ్ పెట్టుకోవాలనుకుంటున్నానని, ఒక్క 360 రేడియేటర్ ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కలిపి చాలునా అని, ముందుగా ఏది కొనాలని అడిగారు. శ్రీకాకుళంలో మా ఇంట్లో ఇటువంటి లూప్‌ను, అంటే పంపు తిప్పే నీరు భాగాల వేడిని రేడియేటర్‌కు చేర్చి తిరిగివచ్చే గొట్టాల వలయాన్ని, రెండుసార్లు కట్టాను. మొదటిది పాడైంది కనుకనే రెండోది కట్టవలసి వచ్చింది.

కొనడానికి ముందు కేబినెట్ మూత తీసి టేపుతో కొలవండి. 360 అన్నది మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ల లెక్క మాత్రమే. చివర్లలోని ట్యాంకులతో కలిపి రేడియేటర్ పొడవు 400కు దగ్గరగా వస్తుంది. మందం 30, ఫ్యాన్‌కు మరో 25 కావాలి, పైభాగంలో బిగిస్తే ర్యామ్‌కు తగలకూడదు.

మీ కార్డు 200 వాట్ల లోపుదైతే ఒక్క 360తో నెట్టుకురావచ్చు. 300 వాట్లు దాటేదైతే రెండు ఫ్యాన్ల 240 రేడియేటర్ మరొకటి చేర్చడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ పద్ధతిలో నీరు ఎన్నటికీ గది ఉష్ణోగ్రత కంటే చల్లబడదు. మే నెలలో గది 36 డిగ్రీలుంటే, పని భారం మీద నీరు మరో పది డిగ్రీలు పైనే ఉంటుంది. చాలా పంపులకు 60 డిగ్రీలే పరిమితి. ఏసీ గదుల్లో తీసిన వీడియోల అంకెలను మన గదులకు అన్వయించుకోలేము. ఏ భాగం తరువాత ఏది అన్న వరుస గురించి తల బద్దలుకొట్టుకోనక్కరలేదు, నీటి తొట్టి పంపుకు పైన ఉంటే చాలు.

కొనేటప్పుడు రేడియేటర్ మొదట, గ్రాఫిక్స్ కార్డు బ్లాక్ (చిప్ మీద బిగించి దాని వేడిని నీటిలోకి లాగే లోహపు భాగం) చివర. ఆ బ్లాక్ మీ కార్డు మోడల్‌కు సరిగ్గా సరిపోయేదై ఉండాలి, ఒకే చిప్ ఉన్న మరో కంపెనీ కార్డుకు కూడా అది పట్టకపోవచ్చు.

నా మొదటి లూప్‌ను చెడగొట్టింది చవక. బ్లాక్ రాగిది, ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన రేడియేటర్ అల్యూమినియంది. రెండు లోహాలను ఒకే నీరు కలిపితే అల్యూమినియం తినేయబడుతుంది. ఎనిమిది నెలలకు నీరు బూడిద రంగుకు తిరిగి, బ్లాక్‌లోని సన్నని గాడులు పూడుకుపోయాయి. అందుచేత రాగి, ఇత్తడి రేడియేటర్‌నే తీసుకోండి. ఇంట్లోని ఆర్వో నీటిలో లవణాలు మిగిలే ఉంటాయి, వాడవద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పునూ నాచునూ ఆపే మందు కలపండి, లేదా తయారు కూలెంట్ కొనండి.

నింపిన తరువాత మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే ఒక రోజంతా తిప్పి, గొట్టాలు కలిసే ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ కాగితం పెట్టి, అది తడుస్తుందేమో చూడండి. నా పరీక్ష మధ్యలో కరెంటు పోయింది, తిరిగి మొదటి నుంచి చేశాను.

అన్నిటికంటే దిగువన, నీరు దింపడానికి, ఒక టీ ఫిట్టింగూ (మూడు దారులు కలిసేది) వాల్వూ ముందే ప్లాన్‌లో వేసుకోండి. మొదటిసారి అది లేక, నీరు మార్చే రోజున నేనూ మా తమ్ముడూ కేబినెట్‌ను చెరోవైపు పట్టుకుని స్నానాల గదిలో బకెట్ మీదికి వంచవలసి వచ్చింది.