కాన్పు పశువుల మాటా?

సందేహం: గురువుగారికి నమస్కారం. ఒంగోలులో ఉంటూ ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీల మీద నా థీసిస్. ప్రశ్నావళి తెలుగులో ఉండాలి కాబట్టి 'మీకు ఎన్ని కాన్పులు?' అని రాశాను. మా గైడ్ గారు దాన్ని కొట్టేసి 'ఎన్ని ప్రసవములు జరిగినవి?' అని మార్చారు. కాన్పు పశువులకు వాడే మాటట, రాతలో బాగుండదట. నిజమేనా? గర్భసంచి అనాలా, గర్భాశయం అనాలా? అబార్షన్‌కు 'గర్భస్రావం' సరిపోతుందా?
– ఒక వైద్య విద్యార్థిని

సమాధానం: డాక్టరమ్మా, మీ గైడ్ గారి కత్తి మీద నాకు నమ్మకమే. ఎర్ర కలం మీద మాత్రం లేదు. పశువులకు మనవాళ్ళు వాడే మాట ఈనడం. ఒంగోలులో ఉంటూ ఇది మరిస్తే ఎలాగండీ? బ్రెజిల్ వాళ్ళు మన ఒంగోలు గిత్తల్ని తీసుకుపోయి ఆ జాతికి 'నెలోర్' అని మా నెల్లూరు పేరు పెట్టుకున్నారు. మనమేమో సొంత దొడ్లో మాటలు కూడా మరిచిపోతున్నాం. చూలు కట్టిన ఆవు చూడి ఆవు. అది ఈనుతుంది. సంతలో బర్రెను బేరం చేసేవాడు 'ఎన్నో ఈత?' అంటాడు. వరి కూడా ఈనుతుంది. పెన్న కింద ఏ రైతునడిగినా పైరు పొట్ట మీదుందనో, ఈనిందనో చెబుతాడు. కొన్ని ఊళ్ళలో ముద్దుగా ఆవుకూ కాన్పయిందని అనే మాట నిజమే. ఇంట్లో మనిషిలా చూసుకునే ఆవును మనిషి మాటతో చెప్పుకోవడం అది. అంతమాత్రాన మాట పశువులపాలు కాదు. ఆమాటకొస్తే పశువైద్యుల కరపత్రాల్లో ఆవులకు రాసేది 'ప్రసవం' అనే. మరి దాన్నేం చేద్దాం?

తడ దాటి తమిళంలోకి వెళ్తే ఇంకో వింత. అక్కడ తల్లి ఈనుతుంది, అందులో ఏ నామోషీ లేదు. తమిళ నీతికవి తిరువళ్ళువర్ ఒక కురళ్‌లో (రెండు పాదాల పద్యం) కొడుకును ఈనిన నాటికంటే వాడు యోగ్యుడని నలుగురూ చెప్పగా విన్ననాడు తల్లి ఎక్కువ పొంగిపోతుందన్నాడు. (ఇదే మాటను మన సుమతీ శతకకారుడు తండ్రికి కట్టబెట్టి 'పుత్రోత్సాహము తండ్రికి' అన్నాడు. నొప్పులు పడింది ఎవరో ఆయనకు గుర్తు రాలేదు.) మన దగ్గర ఈ మాట కొట్టంలోకీ, చేలోకీ పోయింది. ఇంట్లో దాని చోటును 'కను' అన్న క్రియ తీసుకుంది. మీ కాన్పు దాని నుంచి వచ్చిందే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 'కను' అంటే చూడడం, 'కను' అంటే బిడ్డను పుట్టించడం. రూపాలు చూడండి, రెండింటికీ కన్న, కని, కంటి అని ఒకే పోత. 'కన్నవీ విన్నవీ' అంటే చూసినవి. 'కన్నవాళ్ళు' అంటే అమ్మానాన్నలు. కాంచు అన్నా అంతే, చూపూ అదే, పుట్టుకా అదే. ఇది చూసి వాట్సాప్ పండితులు ఊరుకుంటారా? బిడ్డ ముఖం మొదట కళ్ళారా చూసేది కాబట్టి కన్నతల్లి అని రోజుకొకరు నాకు పంపిస్తారు, రెండు పూలు జోడించి. వినడానికి బాగుంటుంది. నాకూ పాతికేళ్ళ వయసులో బాగుండేది, ఒకట్రెండు సభల్లో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. కానీ ద్రావిడ భాషల్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఈ రెండు కనులనూ విడదీశారు. చూపుకు చెందిన కను తమిళంలో కాణ్, కన్నడంలో కాణు. పుట్టుకకు చెందిన కను చుట్టాలు వేరు. కన్నడంలో కంద అంటే పసిబిడ్డ. మన 'పసికందు'లో కందు అదే. తమిళంలో కన్ఱు. ఆ కన్ఱుకు అర్థం దూడ, చెట్టుకైతే పిల్ల మొక్క. ఈ చివరి ముక్క మాత్రం మీ గైడ్ గారికి చెప్పకండి, 'చూశావా, నేను చెప్పలేదూ' అంటారు. తమిళులు దూడకు ఉంచుకున్న ధాతువును మనం తల్లికిచ్చాం, వాళ్ళు తల్లికిచ్చిన దాన్ని మనం ఆవుకిచ్చాం. ఇందులో ఎక్కువ తక్కువలు ఏమున్నాయి?

రెండు ధాతువులూ వేరని ఒప్పుకుంటాను గానీ, మన కవుల చెవికి అవి వేరుగా వినపడలేదని నా గట్టి అనుమానం. మా నెల్లూరి తిక్కన ఉద్యోగపర్వంలో ద్రౌపది చేత చెప్పించిన పద్యం ఒకటుంది. కృష్ణుడు రాయబారానికి బయలుదేరే ముందు ఆమె తన చరిత్ర తానే చెప్పుకుంటుంది:

వరమునఁ బుట్టితిన్, భరతవంశముఁ జొచ్చితి, నందుఁ బాండు భూ
వరునకుఁ గోడలైతి, జనవంద్యులఁ బొందితి, నీతివిక్రమ
స్థిరులగు పుత్రులం బడసితిన్; సహజన్ముల ప్రాపుఁ గాంచితిన్;
సరసిజనాభ! యిన్నిటఁ బ్రశస్తికి నెక్కినదాన నెంతయున్.

మీరు ఓపీలో కూర్చుని రాసుకునే వివరాలన్నీ ఇందులో ఉన్నాయి చూడండి. పుట్టుక, పెళ్ళి, అత్తిల్లు, భర్తలు, పిల్లలు, పుట్టింటి అండ. క్రియలు ఆరు: పుట్టితిన్, చొచ్చితి, కోడలైతి, పొందితి, పడసితిన్, కాంచితిన్. ఏ ఒక్కటీ రెండోసారి రాలేదు. కొడుకుల దగ్గర 'పడసితిన్' అంది, అంటే పొందాను అని. పుట్టుకను సూచించగల 'కాంచితిన్'ను కొడుకుల పక్కన పెట్టలేదు, అన్నదమ్ముల అండకు పెట్టింది. ఎందుకని? ప్రాస, యతి అంటారు మా వాళ్ళు. కావచ్చు. నాకు మాత్రం ఇంకోటి తోస్తుంది. ఈమె యజ్ఞగుండంలోంచి వచ్చిన మనిషి, ఏ తల్లీ నొప్పులు పడి కన్నది కాదు. అందుకే పుట్టుకను 'వరమున' అని మొదలుపెట్టింది. కనడానికి సంబంధించిన ఆ ఒక్క మాటా ఆమె నోట వచ్చింది, తనతో పాటు పుట్టినవాళ్ళ ప్రస్తావనలో. తిక్కన తెలిసి చేశాడా అంటే ప్రమాణం చూపలేను. తెలియకుండా చేశాడంటే ఒప్పుకోను.

మీ కేస్‌షీట్‌కు వద్దాం. దాని మీద జి, పి, ఎల్, ఏ అని నాలుగక్షరాలు వేస్తారు. మొదటిది గ్రావిడా, ఎన్నిసార్లు గర్భం వచ్చిందో చెబుతుంది. లాటిన్‌లో బరువును చెప్పే మాట నుంచి వచ్చింది. సంస్కృతంలో గురు అన్నా బరువే, దాని నుంచే గుర్విణి, గర్భిణికి మారుపేరు. గ్రావిడా, గుర్విణి అక్కచెల్లెళ్ళన్నమాట. రెండోది పారా. నెలలు కొంత నిండాక ఎన్నిసార్లు కాన్పయిందో ఆ లెక్క. కవలలు పుట్టినా పారా ఒక్కటే అని మీకు పాఠం చెప్పి ఉంటారు. మన పల్లెల్లో ఆ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక కాన్పులో ఇద్దరు అంటారు. ఎల్ అంటే బతికున్న పిల్లలు, ఏ అంటే నెలలు నిండకముందే పోయినవీ, తీయించుకున్నవీ.

దీనికి నా దగ్గర సాక్ష్యం ఉంది. ఏళ్ళ కిందట మా అమ్మను నెల్లూరులో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కాగితాలు రాసే కుర్ర డాక్టరు 'ఎంతమంది పిల్లలు పెద్దమ్మా?' అన్నాడు. అమ్మ 'అయిదుగురు' అంది. అతను అయిదు వేశాడు. 'ముగ్గురే దక్కారబ్బయా' అంది. అయిదు కొట్టేసి మూడు వేశాడు. 'కాన్పులైతే నాలుగు, ఒక కాన్పులో ఇద్దరు పుట్టారు, ఇద్దరూ నిలవలా' అంది. అతను మూడు కొట్టేసి నా ముఖం చూశాడు. అమ్మ తనంతట తానే అందుకుని 'నడిమధ్యలో ఒక కడుపు పోయింది, అది కాన్పు లెక్కలోకి రాదుగా' అంది. జి5, పి4, ఎల్3, ఏ1. నాలుగు అంకెలూ ఆమె నోట్లోంచే సిద్ధంగా వచ్చాయి. ప్రశ్నే సరిగ్గా లేదు. ఆ పోయిన కడుపు సంగతి కొడుకునైన నాకు తెలిసింది కూడా ఆ బల్ల ముందే.

అందుకే అంటాను, మీ లెక్కకు కాన్పు కంటే అతికే మాట దొరకదు. ఆపరేషన్ చేసి తీసినా కాన్పే. 'మొదటి కాన్పు ఆపరేషన్, రెండోది నార్మల్' అని మీ ఓపీలో రోజూ వింటూనే ఉంటారు. ప్రసవం తప్పని నేననను. నిండైన సంస్కృత శబ్దం, అక్కడ పువ్వుకూ, పండుకూ కూడా ఆ పేరుంది. థీసిస్‌లో శుభ్రంగా రాసుకోండి. కానీ నాలుగో తరగతితో బడి మానేసిన ఆమెను కూర్చోబెట్టి 'ప్రసవములు జరిగినవి' అని అడిగితే, ఎక్కడో ప్రమాదం జరిగిందేమోనని ఆమె కంగారు పడుతుంది. గైడ్ గారు మరీ పట్టుబడితే 'ప్రసవాలు (కాన్పులు)' అని రెండూ వేయండి. ప్రశ్న చదివి వినిపించే నర్సమ్మ ఎలాగూ బ్రాకెట్లోదే చదువుతుంది.

'డెలివరీలు' అని మాత్రం రాయకండి. 'మా కోడలు డెలివరీ అయింది' అంటున్నారు ఇప్పుడు. గ్యాస్ బండా డెలివరీ అవుతుంది, కోడలూ డెలివరీ అవుతుందా? పత్రికలవాళ్ళు ఇంకో ఆకు ఎక్కువ చదివారు. ఉద్యమం పురుడు పోసుకుందట, పథకం పురుడు పోసుకుందట! పురుడు పోసేది మంత్రసాని, పోయించుకునేది తల్లి. పుట్టేవాడు తనకు తానే పురుడు పోసుకోవడం ఏ లోకంలో ఉంది?  

గర్భసంచి, గర్భాశయం రెండూ ఒకటే. మీ సబ్జెక్టుకు గర్భసంచే మేలు. 'సంచి తీసేశారు' అనే ఆ ఆడవాళ్ళు చెబుతారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ లెక్క అడిగితే మన రాష్ట్రమే అందరికంటే పైన ఉంది. అంతమంది వాడుకలో ఉన్న మాటను మీరు కొత్తగా దిద్దేదేముంది?

గర్భస్రావం దగ్గర జాగ్రత్త పడాలి. సుశ్రుతుడు నాలుగు నెలల లోపు పోతే స్రావమనీ, అయిదు ఆరు నెలల్లో పోతే పాతమనీ విడదీశాడు. ఇప్పుడు రెండూ స్రావమే అయ్యాయి. అంతకంటే చిక్కు, దానంతట అది పోవడమూ, తీయించుకోవడమూ ఒకే మాట కిందకి చేరడం. 'అబార్షన్ అయింది' అన్నా 'చేయించుకున్నా' అన్నా మీ కాగితం మీద ఒకటే గడి ఉంటే లెక్క తప్పుతుంది. 'కడుపు ఎప్పుడైనా పోయిందా?' అని ఒక ప్రశ్న, 'తీయించుకున్నారా?' అని ఒక ప్రశ్న వేరుగా పెట్టండి. రెండోదాన్ని పక్కన అత్తగారు లేనప్పుడు అడగండి. ఇది వ్యాకరణం కాదనుకోండి.

మీరు పంపిన ప్రశ్నావళిలో ఏడో ప్రశ్న 'ఋతుక్రమ అపసవ్యత' అని ఉంది. అది మీరు రాశారో, గైడ్ గారు రాశారో చెప్పలేదు. 'నెలనెలా సరిగ్గా వస్తుందా?' అని మార్చి ఫారాలు తీసుకెళ్ళండి. నింపేటప్పుడు ఒక్క సాయం చేయండి. ఉదయగిరి వైపు నుంచీ, పశ్చిమ మండలాల నుంచీ వచ్చిన తల్లులు కాన్పుకు, చూలుకు ఇంకేమేం మాటలు వాడుతున్నారో ఫారం వెనక పెన్సిలుతో రాసి నాకు పంపండి. పేర్లు వద్దు, ఊరు చాలు.