ప్రయోగించిందా? పరీక్షించిందా?

సందేహం: ‘అమెరికా సైన్యం 1980లలో ప్రయోగాత్మక పోరాట తుపాకులను అభివృద్ధి చేసి ప్రయోగించింది’ అని ఒక వ్యాసంలో రాశాను. నేను చెప్పదలచింది కంబాట్ షాట్‌గన్ల గురించి. వాక్యం సరిగ్గానే ఉందా?

సమాధానం: వ్యాకరణానికి వంక పెట్టలేం. చిక్కల్లా అర్థంతోనే. మీ వాక్యం చదివినవాళ్లు ఆ తుపాకులను ఎవరి మీదో పేల్చారనుకుంటారు. ప్రయోగశాలలో చేసేదీ ప్రయోగమే, బ్రహ్మాస్త్ర ప్రయోగమూ ప్రయోగమే. ‘పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు’ అంటే అది పనిచేస్తుందో లేదో పరీక్షించారని ఎవరైనా అనుకుంటారా? పక్కన ఆయుధం ఉందంటే చాలు, ఈ మాట అటే ఒరుగుతుంది. క్షిపణులకైతే పేచీ లేదు, పరీక్ష కోసం వదిలినా మనం ప్రయోగమనే అంటాం.

ఇక జరిగిందేమిటో చూడండి. ‘క్లోజ్ అసాల్ట్ వెపన్ సిస్టమ్’ పేరుతో అప్పట్లో అమెరికా ఒక పథకం నడిపింది. దాని కింద కోరిన షాట్‌గన్ ట్రిగ్గర్ నొక్కి ఉంచితే వరసగా పేలాలి, మామూలు షాట్‌గన్ కన్నా ఎక్కువ దూరం పనిచేయాలి. జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కాక్, అమెరికాకు చెందిన ఓలిన్ కలిసి పది తూటాల మ్యాగజైన్‌తో ఒక నమూనా చేశాయి. దాన్ని పరీక్షించారు, కానీ సైన్యంలోకి తీసుకోలేదు. అదే దశాబ్దంలో వచ్చిన పాంకార్ జాక్‌హామర్ అనే షాట్‌గన్ కూడా నమూనాల దగ్గరే ఆగిపోయింది. పిల్లలకు వీడియో గేముల పుణ్యమా అని దాని పేరు తెలుసు! కాబట్టి ‘ప్రయోగించింది’ తీసేసి ‘పరీక్షించి చూసింది’ అనండి. ‘ప్రయోగాత్మక’ బదులు ‘నమూనా’ చాలు. మొదటి ప్రపంచయుద్ధపు వించెస్టర్ 1897 షాట్‌గన్ గురించి రాస్తే మాత్రం ‘ప్రయోగించింది’ అని నిక్షేపంగా రాయవచ్చు. కందకాల్లో అమెరికన్లు దాన్ని నిజంగానే పేల్చారు, 1918లో జర్మనీ అభ్యంతరం కూడా చెప్పింది.

‘పోరాట తుపాకి’ నాకు రుచించలేదు. పోరాటం అనగానే మనకు రైతులో కార్మికులో గుర్తొస్తారు. పైగా ఉత్త ‘తుపాకి’ అంటే రైఫిలూ అవుతుంది. షాట్‌గన్‌లో ‘షాట్’ అంటే తూటాలో నింపే చిన్న సీసపు గుండ్లు, పేల్చడం కాదు. కశ్మీర్ వార్తల్లోని పెల్లెట్ గన్ కూడా ఈ జాతిదే. ‘షాట్‌గన్’ అందరికీ తెలిసిన మాటే, అలాగే ఉంచి ‘సైనిక షాట్‌గన్’ అనండి.

‘అభివృద్ధి చేసి’ తప్పు కాదు గానీ, ‘తయారుచేసి’ అంటే పోయేదానికి అంత బరువెందుకు?