సి ప్రోగ్రామ్‌లో నంబర్ కొట్టాక స్కాన్‌ఎఫ్ పర్సెంట్ సి ఆగకుండా దాటిపోతోందా? ముందు ఆ వేరియబుల్‌ని ప్రింట్ చేసి చూడండి

మీ సి ప్రోగ్రామ్‌లో స్కాన్‌ఎఫ్‌తో (కీబోర్డ్ నుంచి చదివే ఫంక్షన్, అందులో నంబర్‌కి పర్సెంట్ డి, ఒక్క అక్షరానికి పర్సెంట్ సి) రెండు నంబర్లు తీసుకుని కూడిక చూపించాక ‘మళ్ళీ చేయాలా, వై ఆర్ ఎన్’ అని అడిగితే, టైప్ చేసే టైమ్ ఇవ్వకుండానే ప్రోగ్రామ్ అయిపోతోందన్నారు కదా. మీ లూప్ కరెక్టేనండి, దాన్ని ముట్టుకోకండి.

డిప్లొమా ఫస్టియర్‌లో నాకు అచ్చం ఇదే వచ్చింది, వైల్ కండిషన్ మార్చి మార్చి రెండు ల్యాబ్ క్లాసులు పోగొట్టుకున్నాను, చివరికి పక్క సిస్టమ్‌లో ఉన్న సీనియర్ అక్క వచ్చి ‘ఆ వై, ఎన్ తీసుకునే వేరియబుల్‌లో ఏం పడిందో పర్సెంట్ డి పెట్టి ప్రింట్ చెయ్యి’ అంది. చేస్తే స్క్రీన్ మీద 10 వచ్చింది. చిన్న వై అయితే 121 రావాలి, ఎన్ అయితే 110. ఆస్కీలో (ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే పట్టిక) 10 అంటే న్యూలైన్, అంటే అంతకుముందు నంబర్ కొట్టి నేను నొక్కిన ఎంటర్ అన్నమాట.

మీరు 25 కొట్టి ఎంటర్ నొక్కితే ప్రోగ్రామ్‌కి అందేవి మూడు క్యారెక్టర్లు: 2, 5, న్యూలైన్. పర్సెంట్ డి అంకెలు ఉన్నంతవరకే తీసుకుంటుంది, న్యూలైన్ బఫర్‌లోనే, అంటే కొట్టినవి చదివేదాకా ఆగి ఉండే చోటే, ఉండిపోతుంది. తర్వాత ఇంకో పర్సెంట్ డి వస్తే అది ముందున్న స్పేస్‌లూ ఎంటర్లూ దాటేస్తుంది, అందుకే మీ రెండో నంబర్ ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది, పర్సెంట్ సి మాత్రం అలా దాటదు, ఎదురుగా ఏముంటే అదే పట్టుకుంటుంది.

స్కాన్‌ఎఫ్ కోట్స్ లోపల పర్సెంట్ సిలోని పర్సెంట్ గుర్తుకి ముందు ఒక్క స్పేస్ ఇవ్వండి, మీ సమస్య తీరిపోతుంది. వెనకాల ఇవ్వకండి, అలా ఇస్తే వై కొట్టి ఎంటర్ నొక్కినా ఇంకేదో కొట్టేదాకా అక్కడే కూర్చుంటుంది.

బఫర్ ఖాళీ చేయడానికి ఎఫ్‌ఫ్లష్‌లో ఎస్‌టీడీఇన్ (కీబోర్డ్ ఇన్‌పుట్) పెట్టమని ఎవరైనా చెప్తే వద్దండి, మా ల్యాబ్‌లో కూడా అదే రాయించేవాళ్ళు, కానీ కీబోర్డ్ ఇన్‌పుట్ మీద అది ఏం చేయాలో సి స్టాండర్డ్ చెప్పలేదు, ఒక కంపైలర్‌లో పనిచేసి ఇంకో దాంట్లో చెయ్యకపోవచ్చు.

ఇంకోటి, నంబర్ అడిగినచోట ఎవరైనా అక్షరం కొడితే స్కాన్‌ఎఫ్ 0 రిటర్న్ చేస్తుంది, ఆ అక్షరం బఫర్‌లోంచి కదలదు, లూప్‌లో ఉంటే స్క్రీన్ ఆగకుండా పరుగెడుతుంది. అందుకే రిటర్న్ వాల్యూ 1 వచ్చిందో లేదో చూడండి, రాకపోతే న్యూలైన్ గానీ ఈఓఎఫ్ (ఇన్‌పుట్ అయిపోయిందనే గుర్తు) గానీ వచ్చేదాకా గెట్‌చార్‌తో ఒక్కో అక్షరం చదివి పారేయండి, ఆ గెట్‌చార్ ఇచ్చేది ఇంట్‌లో పెట్టుకోండి, క్యార్‌లో పెడితే ఈఓఎఫ్‌ని సరిగ్గా గుర్తుపట్టలేకపోవచ్చు. నేనైతే ఇప్పుడు ఎఫ్‌గెట్స్‌తో లైన్ మొత్తం తీసుకుని, అందులోంచి ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో నంబర్ తీస్తున్నాను.